పిల్లులకు మంచెలు కట్టినవాణ్ణి నేనే

ఆ రోజుల్లో అని నేను మొదలుపెట్టగానే మా ఇంట్లో ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తుకొస్తాయి, ఇంకొకరికి బజారులో పని గుర్తుకొస్తుంది, మూడోవారికి ఏ సాకూ దొరక్క నిద్ర నటిస్తారు. సరే, ఇంట్లోవాళ్ళు రోజూ వినేవాళ్ళు, వాళ్ళను క్షమించవచ్చు (క్షమించలేదు, కానీ క్షమించవచ్చు). పాత ఉద్యోగులం ఏడాదికొకసారి ఖమ్మంలో కలిసి భోజనం చేస్తాం. భోజనానికి ముందు ఒక్కొక్కరూ లేచి తమ ఉద్యోగకాలపు ఘనకార్యం ఒకటి చెప్పాలని ఏర్పాటు. ఒకాయన వాగు పొంగులో లారీని ఎలా దాటించాడో చెబుతాడు. ఇంకొకాయన ఎలుగుబంటి ఎదురైతే గొడుగు తెరిచి ఎలా నిలబడ్డాడో చెబుతాడు (ఆ ఎలుగుబంటి ఏటా కొంచెం పెరుగుతోంది). నా వంతు రాగానే విస్తర్లు పడతాయి. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పన్నెండేళ్ళుగా సరిగ్గా నా పేరు పిలిచే సమయానికే అన్నం ఉడుకుతోంది. ఇది కాకతాళీయమని నమ్మేంత అమాయకుణ్ణి కాను. అందుకే ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను. కాగితం లేచి చెయ్యి కడుక్కోవడానికి పోదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ముదిగొండ దగ్గర మా ఊరు. పొలం తప్ప ఏమీ తెలియని ఇంట్లో మొట్టమొదటి ఉద్యోగస్థుణ్ణి నేను. భద్రాచలం దారిలో, సారపాక ఇంకా కొంత దూరముందనగా, అడవి అంచున ఒక గోదాము ఉండేది. చుట్టుపక్కల గూడేలవాళ్ళు అడవిలో ఏరి తెచ్చే ఇప్పపువ్వు, చింతపండు, కుంకుళ్ళు, బంక అక్కడ కొని నిల్వచేసేవారు. దానికి నేను గుమాస్తాను. నా పైన ఒక పెద్దసారు. ఆయనది సత్తుపల్లి వైపు. మాట మెత్తన, మనసు సంగతి ముందుముందు మీకే తెలుస్తుంది. నా కింద ఎవరూ లేరు. వాచ్‌మన్‌గా ఒక తాత ఉండేవాడు కానీ ఆయన ఎవరి కిందా ఉండే మనిషి కాదు. దగ్గరి కోయగూడెం ఆయనది. నన్నూ, పెద్దసారునూ, డివిజన్ ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చే జీపు సారునూ అందర్నీ ఒకేలా ‘సారూ, నువ్వు’ అని పిలిచేవాడు. ఆయన నోట మర్యాదా చనువూ రెండూ ఒక్క మాటలోనే ఉండేవి.

గోదాము అంటే నాలుగు గోడలు, చాలా ఎత్తున రేకుల కప్పు, గోడల చివర్న చిన్న చిన్న గాలి కిటికీలు. ఎలుకలకు అది పెళ్ళివారి విడిది. చింతపండు వాటికి ఎంత ఇష్టమో, గోనెసంచి అంతకన్నా ఇష్టం. మందు పెడదామంటే అది మనుషులు తినే సరుకు. అందుకని పిల్లులు. మేం వాటిని తేలేదు, అవే చేరాయి. మొదట వచ్చినది ఎర్రటి గండుపిల్లి. వస్తూనే వాకిట్లో కాళ్ళు చాపి కూర్చుని మా అందర్నీ ఎగాదిగా చూసింది కనుక దానికి పటేలు అని పేరు పడింది. రెండోది తెల్లది. పక్క ఊరి బడిలో పనిచేసిన టీచరమ్మ బదిలీ అయిపోతూ వదిలేసి వెళ్ళింది, అందుకని దాని పేరు టీచరమ్మ. మూడోది బూడిద రంగుది, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ఆ విషయంలో నాకూ దానికీ పోలిక ఉంది. నాలుగోది కుంటిది. కుందేళ్ళకు పెట్టిన ఉచ్చులో ముందుకాలు పడి నలిగితే తాత విడిపించి, తన తువ్వాలులో చుట్టి తెచ్చాడు. చారల పిల్లి. ఆ కాలు మళ్ళీ నేలకు ఆనలేదు. నా గదిలో, నా అన్నంలోకి తెచ్చుకున్న పాలు తాగింది. నాకు అక్కడ వేరే మనిషి లేడు. పొద్దున నేను పుస్తకం తెరవగానే వచ్చి సరిగ్గా నేను రాయాల్సిన గీత మీద పడుకునేది. ఇంత కన్నా ఎక్కువ చెబితే మీరు నవ్వుతారు.

ఎండాకాలమంతా నలుగురూ బాగానే ఉన్నారు. వానలు మొదలై లారీలొచ్చి సరుకు ఎత్తేశాక మొదలైంది యుద్ధం. పట్టపగలు, సంచులు తూకం వేస్తుండగా, పటేలు వెళ్ళి బూడిదదాని మీద పడేది. బూడిదది పోయి టీచరమ్మ మీద పడేది. టీచరమ్మకు ఎవరూ దొరక్క కుంటిదాని మీద పడేది. ఆఫీసుల్లో పైనుంచి కిందికి చీవాట్లు దిగినట్టు సాయంత్రానికి అన్ని దెబ్బలూ వచ్చి కుంటిదాని మీద ఆగేవి. దానికి తిరిగి కొట్టడానికి నాలుగో కాలు లేదు, పరుగెత్తడానికీ లేదు. మూలకు పోయి గోడకు వీపు ఆనించి నోరు తెరిచేది, శబ్దం కూడా వచ్చేది కాదు. ఒకరోజు పెద్దసారు ఒళ్ళోనే ఆ యుద్ధం జరిగింది. ఆయన పంచె మోకాలి దగ్గర చిరిగింది, కొత్త పంచె.

“ఏమయ్యా, ఇది గోదామా, సంతా?” అన్నారు పెద్దసారు.

“వానాకాలం గదా సార్, చల్లబడ్డంక సర్దుకుంటయి” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

“వినాయకచవితి వెళ్ళగానే జీపు సారు వస్తున్నారు. ఆయన ముందు ఇవి గనక ఇలా చేశాయంటే నా పరువేం కాను? నాలుగింటినీ గోతాంలో వేయించి గోదారి అవతల వదిలేయిస్తాను. తర్వాత ఎలుకలకు మందే పెడదాం, ఏమైతే అదవుతుంది.”

“గోదారి అవతలనా సార్? కుంటిది బతుకదు సార్.”

“బతకటం సంగతి దాన్నడుగు. నన్నడక్కు.”

అంటే నాకున్నది నెలన్నర. ఆ నెలన్నరలో నేను చేసిన ప్రయత్నాలన్నీ ఇక్కడ రాస్తే మీకు నా తెలివి మీద అనుమానం వస్తుంది కనుక రెండే చెబుతాను. నలుగురూ కలిసి తింటే స్నేహం కుదురుతుందని ఒకే పళ్ళెంలో చేపలు పెట్టాను. పళ్ళెం ఇప్పటికీ సొట్టగానే ఉంది. తర్వాత పటేలు మెడకు తాడు కట్టి గడపకు కట్టేశాను. అది గడపను కాక నన్ను కొరికింది. మణికట్టు మీద ఆ గాటు చూపించడానికి నేను ఎప్పుడూ సిద్ధమే, అడిగేవాళ్ళే లేరు.

ఇక్కడే నా బుర్ర పనిచేసింది. దయచేసి ఈ భాగం కాస్త నిదానంగా చదవండి, విస్తర్లు పడేది ఇక్కడే. ఒక మధ్యాహ్నం పాత పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. ఏ నెలలో ఎన్ని వరసల ఎత్తున సంచులు పేర్చామో అందులో ఉంటుంది. చైత్రంలో, వైశాఖంలో సంచులు కప్పు దాకా ఉన్నాయి. ఒక్క పోట్లాట లేదు. అప్పుడు పటేలు ఇప్పపువ్వు సంచుల మీద ఉండేది, టీచరమ్మ చింతపండు గుట్ట చివర్న, బూడిదది కుంకుళ్ళ మీద, కుంటిది మెట్లు మెట్లుగా ఉన్న చిన్న గుట్ట మీద. ఎవరి ఎత్తు వారిది. ఒకరు కదిలితే ఇంకొకరికి పైనుంచి కనిపించేది, ముందే తప్పుకునేవారు. ఇప్పుడు సంచులు పోయాయి. మిగిలింది నేల. నేల ఒక్కటే అయ్యేసరికి నలుగురికీ అదే కావాలి. పిల్లులకు గోదాము చిన్నదై పోట్లాడటం లేదు, గోదాము పైసగం ఖాళీగా ఉండి పోట్లాడుతున్నాయి. ఈ మాట నాకు తట్టినప్పుడు నా ఎదురుగా ఎవరూ లేరు. ఉంటే ఈ రోజు సాక్షి దొరికేవాడు.

ఆ సాయంత్రమే రెండు పేజీల ఉత్తరం రాశాను. విషయం: సరుకు ఎత్తు తగ్గినపుడు పిల్లుల నడుమ తలెత్తు కలహములు, వాటి నివారణ. ఖాళీ సంచుల్లో ఊక నింపి ఒక మూల ఎత్తుగా పేర్చడానికి అనుమతి కోరాను. పెద్దసారు ఉత్తరం అందుకుని, విషయం వరకూ చదివి, చాయ్ గ్లాసు కింద పెట్టారు. గ్లాసు తీశాక నా విషయం చుట్టూ గుండ్రటి మరక ఉంది. ఆ ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది, మరకతో సహా.

తాతకు చెప్పాను. ఆయన తూకం రాయి మీద కూర్చుని చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు.

“గంతేనా సారూ? దానికి ఊకెందుకు? మంచె కట్టరాదు?”

“మంచెనా? చేన్ల కట్టేదా?”

“అవ్. జొన్నచేన్ల మేం మంచె ఎందుకు కడతం? పందొచ్చినా చిలకొచ్చినా మీదికెళ్ళి కనబడాలె. కనబడ్డదనుకో, భయముండదు. పిల్లికైనా గంతే. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మంచె కట్టు.”

“వెదురు కావాలె గద తాతా. కొట్టుకొస్తే చెక్‌పోస్టు కాడ పట్టుకుంటరు.”

“కొట్టుడెందుకు? మా చేన్ల పోయినేటి మంచె ఉన్నది. కొత్తది ఎట్లైనా కట్టుకునేదే. విప్పుకొస్త.”

మర్నాడు ఆయన పాత మంచె బొంగులను భుజాన వేసుకుని వచ్చాడు. కట్లు కట్టడానికి అడ్డతీగ నార తెచ్చాడు. పెద్దసారు కొత్తగూడెం మీటింగుకు వెళ్ళిన రెండు రోజుల్లో ఇద్దరం కలిసి నాలుగు గోడలకూ నాలుగు మంచెలు కట్టాం. కింద నుంచి పైకి ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా, మధ్యలో బొంగుల దారి. పైన గోనెపట్టాలు పరిచాం. ఎక్కడానికి ఒక నిచ్చెన. అన్నిటికన్నా ఎత్తైనదీ, కిటికీ పక్కన గాలి తగిలేదీ కుంటిదానికని నేనే ఎంచాను. దాన్ని చేతులతో తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాను. అది అటూ ఇటూ చూసింది. జీవితంలో మొదటిసారి అందరూ దానికి కిందుగా ఉన్నారు. నేను కిందికి దిగి, మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి దాన్నే చూశాను.

రెండో రోజుకే సంగతి తిరగబడింది. ఉన్న నిచ్చెన ఒక్కటే. పటేలు వెళ్ళి ఆ నిచ్చెన మొదట్లో కూర్చుంది, అచ్చం చెక్‌పోస్టు గేటులాగా. పైకి పోయేవాళ్ళను పోనివ్వదు, కిందికి వచ్చేవాళ్ళను రానివ్వదు. బూడిదది ఒకసారి గేటు దాటబోయి చెవి చీల్చుకుంది. పైన కుంటిది నీళ్ళకు దిగలేక ఒక పగలంతా అరిచింది. అంతా చేసి నేను దానికి కట్టింది మంచె కాదు, జైలు. ప్రేమతో కట్టాను కనుక మరీ ఎత్తున కట్టాను.

తాత వచ్చి చూసి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

“మంచెకు రెండు దార్లుండాలె సారూ. ఒక దిక్కు పందొచ్చి నిలబడితే ఇంకో దిక్కు దిగుతవ్. ఒక్క దారి పెట్టినవంటే పందికి నువ్వు సద్ది కట్టిచ్చినట్టే.”

“ముందుగాల చెప్పొద్దా తాతా?”

“నువ్వు అడిగినవా? నువ్వు గుమాస్తావి, నీకు తెలుసనుకున్న.”

రెండో దారి నేను కట్టాను. ఈ మాటను మళ్ళీ రాస్తున్నాను: రెండో దారి నేను ఒక్కణ్ణే కట్టాను. మూడు కాళ్ళ పిల్లి నిచ్చెన మెట్లు దిగలేదు కనుక అది నిచ్చెన కాదు, వెడల్పుగా బొంగులు పక్కపక్కన కట్టి, గోనెతాడు చుట్టి, జారకుండా వాలుగా గోడ వెంట దింపిన దారి. మధ్యలో రెండుచోట్ల ఆగి చూసుకోవడానికి అరలు. నార లాగి లాగి నా అరచేతులు పొక్కులెక్కాయి. కుంటిది మొదటిసారి దాని మీద దిగినప్పుడు ఒక్కో అర దగ్గర ఆగి, పటేలు ఎక్కడుందో చూసుకుని, మళ్ళీ దిగి, నీళ్ళు తాగి, తొందరేమీ లేకుండా పైకి వెళ్ళింది. పటేలు నిచ్చెన మొదట్లోనే కూర్చుని ఆ దారివంక చూసింది. రెండు గేట్ల దగ్గర ఒకేసారి కూర్చోవడం దానికీ చేతకాలేదు. నాలుగు రోజుల్లో అది కాపలా మానేసి పైన తన మంచె మీద పడుకుంది. ఆ తర్వాత గోదాములో నేను విన్న శబ్దాలు వానవి, ఎలుకలవి. కొన్ని రోజులకు ఎలుకలవి కూడా తగ్గాయి.

మీటింగు నుంచి వచ్చిన పెద్దసారు పైకి చూసి, “ఏంటయ్యా ఈ తడికలు?” అన్నారు. చెప్పబోయాను. “సరే సరే, శుభ్రంగా ఉంచు” అని వెళ్ళిపోయారు. వారమైనా ఆయన పంచె చిరగలేదు. అది ఆయన గమనించారని నాకు తర్వాత తెలిసింది.

చవితి వెళ్ళింది. జీపు సారు వచ్చారు. పొడుగ్గా, టోపీతో, ఎవరి మాటా పూర్తిగా వినని మనిషి. గోదాములోకి వస్తూనే తలెత్తారు. నాలుగు గోడల మీద నాలుగు ఎత్తుల్లో నాలుగు పిల్లులు ఆయన్నే చూస్తున్నాయి. ఆయన టోపీ తీశారు. ఎందుకు తీశారో ఇప్పటికీ తెలియదు, పిల్లులకు కాకపోవచ్చు.

“బ్రహ్మాండంగా ఉందే. ఎవరి ఆలోచన ఇది?”

నేను ఒక అడుగు ముందుకేశాను. నిజంగా వేశాను, నా చెప్పు గుర్తు ఆ దుమ్ములో పడింది.

“ఏదో మన ఆలోచనే సార్,” అన్నారు పెద్దసారు మెత్తగా. “పిల్లులన్నాక ఎత్తు కావాలి గదా అని, మనవాళ్ళతో కట్టించాను.”

మనవాళ్ళతో అన్నప్పుడు ఆయన చెయ్యి నా వైపు తిరిగింది. సున్నం వేసిన మనిషిని చూపించినట్టు చూపించారు. జీపు సారు ఆయన భుజం తట్టారు. నేను నోరు తెరిచాను, కుంటిది మూలన పడి తెరిచేదే, అలా. శబ్దం రాలేదు. ఆ పక్షం తిరక్కముందే డివిజన్ నుంచి కాగితం వచ్చింది. పెద్దసారు చొరవను మెచ్చుకుంటూ నాలుగు లైన్లు. ఐదో లైను ఉంటుందేమోనని వెనక్కి తిప్పి చూశాను.

ఇక నేను చేసిన పని. పన్నెండేళ్ళుగా భోజనాల దగ్గర నా వంతు వచ్చి ఉంటే ఈ భాగం చెప్పేవాణ్ణా అంటే, చెప్పేవాణ్ణి కాదు. మెచ్చుకోలు కాగితాన్ని పెద్దసారు అద్దం కట్టించి గోడకు తగిలించిన రోజు నాలుగు రోజులు సెలవు పెట్టాను. వెళ్ళేముందు ఆ వాలుదారిని విప్పేశాను. అది నా చేతుల పని. నాది నేను తీసుకుపోతాను. అది లేకపోతే పటేలు మళ్ళీ నిచ్చెన దగ్గర కూర్చుంటుంది, పోట్లాటలు మొదలవుతాయి, పెద్దసారుకు ఏంచేయాలో తోచదు, మా ఊరికి కబురు పంపుతారు, ‘నువ్వు లేకపోతే కాదయ్యా’ అంటారు. ఇదీ నా లెక్క. బొంగులు కట్టగట్టి నా గదిలో పెట్టి తాళం వేస్తుంటే తాత వచ్చాడు.

“సారూ, కోపం పెద్దసారు మీదనా, పిల్లి మీదనా?”

“నీకు తెల్వదు తాతా. నాలుగు దినాలే.”

“నాలుగు దినాలు నీకు.”

బస్సు టైమవుతోందని వెళ్ళిపోయాను. మా ఊళ్ళో నాలుగు రోజులూ అరుగు మీద కూర్చుని పోస్టుమన్ కోసం చూశాను. అమ్మ, “ఎవలి కోసం బిడ్డా?” అంటే, “ఆఫీసు కబురు” అన్నాను గొప్పగా. ఏ కబురూ రాలేదు.

తిరిగి వెళ్ళేసరికి గోదాము నిశ్శబ్దంగా ఉంది. మూడు పిల్లులు మూడు మంచెల మీద ఉన్నాయి. పెద్దసారు నన్ను చూసి, “వచ్చావా, ఆ బంక సంచులు చూడు” అన్నారు. వాలుదారి లేదన్న సంగతి కూడా ఆయన చూడలేదు. నేను అంత కష్టపడి చేసిన అపకారం కూడా ఎవరి కంటా పడలేదు. పైమంచె మీద గోనెపట్టా మాత్రం ఉంది.

“రెండు దినాలు మీదనే ఉండె” అన్నాడు తాత. “పటేలు నిచ్చెన కింద కూసుండె. నేను కొట్టి తరిమితే పోవుడు, నేనట్ల తిరగంగనే వచ్చుడు. చేత్తోని దించుదామని నిచ్చెన ఎక్కిన, బెదిరి కిటికీ దిక్కు జరిగె. ఆ బొంగులు మళ్ళ కడదామని నీ రూముకు పోయిన. తాళమేసున్నది. ఇంకో బొంగు తెచ్చేటాళ్ళకు లేదు. కిటికీలకెళ్ళి దూకినట్టున్నది.”

కిటికీ బయట ఇద్దరు మనుషుల ఎత్తు. కింద బురదలో మూడు పాదాల గుర్తులు ఉన్నాయని, టేకు చెట్ల వైపు పోయాయని చెప్పాడు. వాన వచ్చి అవీ పోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ మాటను కూడా ఇన్నేళ్ళూ గుర్తుపెట్టుకుని ఆయన మీద కోపంగా ఉండేవాణ్ణి, అదైనా కొంత తేలిగ్గా ఉండేది.

వారం రోజులు అడవి అంచున వెతికాను. కాగితం మిల్లుకు వెదురు తీసుకుపోయే లారీలు నా మీద బురద చల్లి పోయేవి. ‘కుంటీ, కుంటీ’ అని పిలుస్తూ రోడ్డు వెంట నడుస్తుంటే చాయ్ కొట్టతను, పాపం ఆయనకూ ఒక కాలు పొట్టి, గరిటె పట్టుకుని బయటికి వచ్చాడు. ఎంత చెప్పినా వినలేదు. రెండు నెలలు నాకు చాయ్ పోయలేదు. ఆయన కోపంలో న్యాయముంది. వాలుదారిని మళ్ళీ అదే చోట కట్టాను. ఈసారి దిగడానికి కాదు, బయటి నుంచి వస్తే ఎక్కడానికి. గోడ అవతల కూడా ఒకటి కిటికీ దాకా కట్టాను. ఎవరూ అది ఎందుకని అడగలేదు. మొదటిసారి అడగనందుకు సంతోషించాను.

దీపావళి తర్వాత నన్ను చండ్రుగొండ వైపు బదిలీ చేశారు. మంచెలు తనవి కావని పెద్దసారు నోటితో ఒప్పుకునేదాకా ఆ గోదాము గడప తొక్కనని శపథం చేసి బయల్దేరాను. శపథం వినడానికి బస్టాండులో ఒక మేక ఉంది. ఆ శపథాన్ని నిలబెట్టుకున్నాను కూడా. రెండు గంటల బస్సు ప్రయాణం, ఒక్కసారి వెళ్ళి చూసి రావచ్చు. వెళ్ళలేదు. మూడేళ్ళ తర్వాత వెళ్ళేసరికి గోదాము ఎత్తేసి తాళం వేశారు, పెద్దసారు బదిలీ అయిపోయారు, తాత చనిపోయి ఏడాదైందన్నారు. మాటకు కట్టుబడ్డ మనిషినని ఆ ఇరవై అయిదేళ్ళ కుర్రవాడు ఆ తాళం ముందు నిలబడి గర్వపడ్డాడా, ఏడ్చాడా అంటే, రెండూ కొంచెం కొంచెం చేశాడు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే ఒక చెంపదెబ్బ వేసి, ఆ తర్వాత వాడికి చాయ్ ఇప్పించాలనిపిస్తుంది.

అప్పటి నుంచి పెద్దసారుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ఆయన సత్తుపల్లి దగ్గర కొడుకు ఇంట్లో ఉన్నారు, తొంభైకి దగ్గరపడ్డారు, కళ్ళు బాగానే పనిచేస్తున్నాయని తెలిసినవాళ్ళు చెబుతారు. పదకొండు ఉత్తరాలు. మొన్న నకళ్ళు తీసి చదువుకున్నాను. ప్రతి ఉత్తరంలో మూడున్నర పేజీలు మంచెలు ఎవరివన్న వాదన. చాయ్ మరక సంగతి, సున్నం వేసే మనిషిలా చూపించిన సంగతి, అద్దం కట్టించిన సంగతి, తేదీలతో. నేను నిజంగా తెలుసుకోవాలనుకున్నది చివర్న, సంతకం కింద, జాగా చాలక వంకరగా ఒక్క లైను. అంతవరకు చదివే ఓపిక ఏ మనిషికుంటుంది? నాకే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

కాబట్టి పెద్దసారూ, ఈసారి ఆ లైను ఒక్కటే అడుగుతున్నాను. మంచెలు మీవే. ఆలోచన మీదే, మెచ్చుకోలు మీదే, ఆ అద్దం పటం ఇంకా ఉంటే మీ మనవళ్ళకు చూపించుకోండి, నేను నోరెత్తను. నా తర్వాత దాదాపు మూడేళ్ళు మీరు అక్కడే ఉన్నారు. రోజూ ఆ తలుపు తీసి లోపలికి వెళ్ళారు. ఒక్కసారైనా తల ఎత్తి చూసి ఉంటారు. చారల పిల్లి, ఎడమ ముందుకాలు మడిచి ఉంటుంది, పైమంచె, కిటికీ పక్కన. అది తిరిగి వచ్చిందా? వచ్చింది అనో, రాలేదు అనో ఒక కార్డు ముక్క రాయండి. చెయ్యి వణికితే మనవడితో రాయించండి. గుర్తులేకపోతే గుర్తులేదని రాయండి. ఏదో ఒకటి రాయండి సార్.